ముట్టుకోకూడని సైకిల్

పోయిన వారం షిగెమత్సు తాతని మనం కుసుగవ స్టేషన్ ముందు వానలో వదిలేసి వచ్చాం. ఆకుపచ్చ జాకెట్టు, చేతిలో హెచ్చరిక చీటీల కట్ట, ఎదురుగా అంబులెన్సు వెళ్ళిపోయిన ఖాళీ రోడ్డు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు లేత్ మిషను మీద మరలు కోసిన మనిషి, అలా తడుస్తూ నిలబడే ఉన్నాడు.

మర్చిపోయినవాళ్ళ కోసం ఇంకో రెండు ముక్కలు. మంగళవారం పొద్దున పదిన్నరకి మందుల షాపు ముందు ఎవరో ఒక సైకిల్‌ని అడ్డదిడ్డంగా నిలిపి వెళ్ళారు. వెనక పిల్ల సీటు, దాని మీద వానకవరు, ముందు బుట్టలో గులాబీ రంగు బూటు ఒకటి. పదకొండుకి కార్పొరేషన్ లారీ వస్తుంది. తెల్లగీతల గళ్ళలో లేని ప్రతి సైకిల్‌నీ ఎత్తి, రెండు స్టేషన్ల అవతల గోదాములో పడేస్తుంది. ఆ చిన్న బూటు చూసి తాతకి జాలేసింది. వెనక చక్రానికి తాళం ఉంటే, వెనక భాగం చేత్తో ఎత్తి, ముందు చక్రం మీద దొర్లించుకుంటూ తీసుకెళ్ళి స్టేషన్ మెట్ల పక్క స్తంభం చాటున పెట్టాడు. అక్కడైతే లారీవాళ్ళ కంట పడదు. చూపులేనివాళ్ళ కోసం వేసిన బొడిపెల పసుపు బాట ఆ పక్కనుంచే పోతుంది. తాత దాని మీదికి బొటనవేలంత కూడా రాకుండా, చక్రాలు రెండూ అంచుకి సరిగ్గా ఆనించి, ఒంగి ఒక కన్ను మూసి మట్టం కూడా చూసుకున్నాడు.

అరగంట తిరక్కుండానే సూదుల వైద్యం చేసే ఫుసనో డాక్టరమ్మ సరిగ్గా అక్కడే పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పుట్టుకతో చూపులేని ఆవిడకి ఆ చెయ్యే కన్ను, ఆ చెయ్యే కూడు. పోలీసులు సైకిల్ మీదున్న రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకుని సుగియ తొమోకా అనే అమ్మాయిని పిలిపించారు. పసుపు బాటకి అడ్డంగా సైకిల్ పెట్టిన తల్లి అని పేటంతా ఆ పిల్లని తిట్టిపోసింది. తాత నోరు విప్పలేదు.

స్టేషన్ దగ్గర పనిచేసే పెద్దవాళ్ళకి ఇచ్చే రూలు పుస్తకం పది పేజీలుంటుంది. మొదటి పేజీలో మొదటి మాట ఇది: చీటీ కట్టాలి, టైము రాయాలి, సైకిల్ ముట్టుకోకూడదు.

*

శుక్రవారం పొద్దున కూడా ముసురు వదల్లేదు. తాతకి జోడీగా డ్యూటీ చేసే నెగిషి రోడ్డు మొగలో నిలబడి, వచ్చేపోయేవాళ్ళని ఆటపట్టిస్తోంది. అరవై ఎనిమిదేళ్ళు, ఎడమ మోకాలు సగం అరిగింది, నోరు మాత్రం చెక్కు చెదరలేదు. ఒకాయన ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని ఫుట్‌పాత్ మీద తొక్కుకుంటూ వస్తున్నాడు.

"ఏం నాయనా, మూడో చెయ్యి ఇంట్లో మర్చిపోయొచ్చావా? బ్రేకు దేంతో పడతావు?"

"ఆఫీసుకి లేటైపోతోంది అత్తా!"

"గొడుగుతో తొక్కితే ఆఫీసుకి లేటే, ఆసుపత్రికి మాత్రం టైముకి పోతావు. దిగు, దిగి నడిపించుకుపో. అంత తొందరుంటే గొడుగు మూసి, రోడ్డు దిగి, ఎడమ పక్కన తొక్కు. ఇదిగో, ఈ తీపి బిళ్ళ నోట్లో వేసుకో."

ఆయన దిగాడు. నెగిషి బిళ్ళ ఇచ్చిందంటే దిగనివాడు కుసుగవలో ఇంకా పుట్టలేదు.

తాత మాత్రం స్తంభం వైపు చూడకుండా చీటీలు కడుతున్నాడు. నాలుగు రోజులుగా అదే పని. అక్కడికి వెళ్ళాల్సి వస్తే రోడ్డు దాటి చుట్టూ తిరిగొస్తున్నాడు. మనసులో ఒకటే మాట గింగిరాలు తిరుగుతోంది: నేను బాట మీద పెట్టలేదు, అంచుకి పెట్టాను, కళ్ళారా చూసుకున్నాను. నా తర్వాత ఎవరో జరిపి ఉంటారు. జరిపే ఉంటారు.

"మొహం ఏంటయ్యా షిగె, ఆరేసిన గుడ్డలా వేలాడేశావు?" అంటూ వచ్చింది నెగిషి.

"నెగిషమ్మా, ఆ మంగళవారం సైకిల్ని నేనే..."

"నోరు తెరువు." తెరిచేసరికి అందులో బిళ్ళ పడేసింది. "ఇక మూయి. ఆ మాట ఇంకోసారి నీ నోట రాకూడదు. నువ్వు ఎత్తిపెట్టడం మంగళవారమే చూశాను. పోలీసాయనతో నేను మాట్లాడేశాను. అయిపోయింది."

"ఏం మాట్లాడావు?"

"మాట్లాడాల్సింది మాట్లాడాను. నీకెందుకు?" నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు. "ముట్టుకున్నావని తెలిస్తే మర్నాడే ఈ జాకెట్టు విప్పించుకుంటారు. ఆ తర్వాత ఏం చేస్తావు? మళ్ళీ ఆ గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటావా? ఎనిమిది నెలలు నీ తలుపు కొట్టిన మనిషిని నేను. ఇంకోసారి కొట్టే ఓపిక నాకు లేదయ్యా."

భార్య పోయాక తాత ఎనిమిది నెలలు గడప దాటలేదు. ఆయన్ని లాక్కొచ్చి ఈ పనిలో పెట్టింది నెగిషే. అందుకే బిళ్ళ చప్పరించాడు. పీచ్ బిళ్ళ. చేదు మందులా ఉంది.

డ్యూటీ దిగే వేళకి, "డాక్టరమ్మని చూసొస్తాను," అన్నాడు.

"నేనూ వస్తా. నువ్వు ముందు నడువు. చీటీల లెక్క అప్పజెప్పి, ఆవిడకి బిళ్ళలు కొని వెనకాలే వస్తాను." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "పలకరించి వచ్చేయి. అంతే. వినపడిందా?"

*

ఫుసనో గది అట్ల దుకాణం పైన. ఇరుకు చెక్కమెట్లు, పైదాకా సాసు మాడిన వాసన. ఈ పనిలో చేరినప్పటి నుంచి, ఆరేళ్ళుగా ప్రతి గురువారం తాత ఈ మెట్లెక్కి నడుముకి సూదులు వేయించుకుంటున్నాడు. ఇవాళ మాత్రం మెట్టు మెట్టుకీ ఆగాడు. చేతిలో పీచ్ పళ్ళ సంచి. చెప్పెయ్యాలి, ఇవాళైనా చెప్పెయ్యాలి అనుకుంటూనే ఎక్కాడు. నిన్నా అలాగే అనుకుని కింద దుకాణంలో అట్టు తిని ఇంటికి పోయాడు పెద్దమనిషి.

తలుపు జరిపితే లోపల ఇంకొకరున్నారు.

ముప్ఫై ఏళ్ళ అమ్మాయి చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాపి, నుదురు చాపకి ఆనించి ఉంది. పక్కన తెల్లకాగితం చుట్టిన మిఠాయి డబ్బా, దాని అవతల తడిసిన మడత గొడుగు. క్షమించమని అడగడానికి వచ్చినవాళ్ళు ఎలా వస్తారో అలాగే వచ్చింది.

"షిగెమత్సు గారా?" అంది ఫుసనో, తలుపు చప్పుడుకే. ఆవిడకి యాభై ఉంటాయి. కుడి చెయ్యి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. "రండి, కూర్చోండి. ఈ అమ్మాయి సుగియ తొమోకా. పావుగంట నుంచి తల ఎత్తమంటున్నాను, ఎత్తడం లేదు. మీరైనా చెప్పండి."

తాత ఆ అమ్మాయి వైపు చూడకుండా గోడ వారగా కూర్చున్నాడు. పళ్ళ సంచి ఒళ్ళోనే ఉండిపోయింది.

"నన్ను క్షమించకండి," అంది తొమోకా నేలలోకి. "క్షమిస్తే నేను తట్టుకోలేను. మీ చెయ్యి... మీకు చెయ్యే కదా అన్నీ. నేను ఏం చేసినా అది తిరిగి రాదు."

"ఎముక అతుక్కుంటుంది తల్లీ. సూది పట్టేంత నిలకడ వేళ్ళకి తిరిగొస్తుందో లేదో మాత్రం డాక్టరు చెప్పలేదు. చెప్పలేడు కూడా. నువ్వు ముందు లేచి కూర్చో. నేలతో మాట్లాడేవాళ్ళతో నాకు మాట్లాడటం రాదు."

తొమోకా లేచింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. స్కూలు వంటగదిలో పిల్లలకి అన్నం వండే పని ఆమెది, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించే పని. విషయం తేలేదాకా ఇంట్లో ఉండమని చెప్పారట. సోమవారం పోలీసు స్టేషన్‌కి వెళ్ళి, తప్పు తనదేనని రాసిన కాగితం మీద సంతకంగా తన పేరు ముద్ర వేయాలి. వేశాక ఆ వంటగది గుమ్మం ఇక తొక్కనివ్వరని ఆమెకి తెలుసు. ఇదంతా ఎవరి మీదా నింద లేకుండా, వంటకి కూరలు తరిగిన వరుస చెప్పినట్టు చెప్పింది. వింటున్న తాతకి ఒక్కో మాటా చురకలా తగులుతోంది.

"పాపకి జ్వరం," అంది. "మందుల షాపు పై అంతస్తులో పిల్లల డాక్టరుకి చూపిద్దామని ఎత్తుకుని పరిగెత్తాను. గళ్ళలోకి తీసుకెళ్ళి పెట్టే టైము లేక వదిలేశాను. అయిదు నిమిషాలే అనుకున్నాను. గంట పట్టింది."

"ఎక్కడ వదిలేశావు?"

"స్తంభం దగ్గర. పసుపు బాట మీద."

"నీకు గుర్తుందా, లేక ఎవరైనా చెప్పారా?"

తొమోకా తడబడింది. "మందుల షాపు ముందని నాకు అనిపించింది. కానీ రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు నాకు. నా బుర్రని నేనే నమ్మలేను."

"పోనీ, కళ్ళు మూసుకో. మూసుకున్నావా? సైకిల్ ఆపావు. పాపని దించుతున్నావు. నీ చెవిలో ఏం పడుతోంది?"

కింద దుకాణంలో పెనం మీద అట్టు తిరగేసిన చప్పుడు. తొమోకా పెదాలు కదిలాయి. "పాట. మందుల షాపు స్పీకర్లో వేస్తారే, జలుబు మందు పాట, అదే మళ్ళీ మళ్ళీ. పాప ఏడుస్తూ కూడా దాన్ని పాడింది."

"స్తంభం దగ్గర ఆ పాట వినపడదమ్మా. అక్కడ రోడ్డు దాటే సిగ్నలు పిట్టకూతలు తప్ప ఇంకేం వినపడవు. ఇరవై ఏళ్ళుగా ఆ కూతల్ని పట్టుకునే నేను మెట్లెక్కుతున్నాను."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు తాత ఉన్నట్టుండి దగ్గాడు. ఫుసనో మొహం ఆయన వైపు తిరిగింది. తిరిగి అక్కడే ఆగింది.

"షిగెమత్సు గారూ, మీకొక సంగతి చెప్పనా? నేను పడినప్పుడు ఆ సైకిల్ పడలేదు. నేనొక్కదాన్నే పడ్డాను. నా కర్ర బాట మీద దేనికీ తగల్లేదు. బాట ఖాళీగానే ఉంది. నేనూ ధైర్యంగా అడుగు వేశాను. నడుము ఎత్తున ఏదో నా భుజం సంచి పట్టీలో దూరి, గిర్రున తిప్పి నేలకేసి కొట్టింది. అంబులెన్సు వచ్చేదాకా పనిలేక, బాగున్న చేత్తో తడిమి చూశాను. చక్రాలు బాట అంచుకి, ఇటు వెంట్రుకవాసి లేదు, అటు వెంట్రుకవాసి లేదు. కానీ హ్యాండిల్ మొత్తం బాట మీదికే ఉంది. హ్యాండిల్‌కి గొడుగు బిగించే ఇనప క్లిప్పు ఉంటుంది చూడండి, అది ఇంకా ముందుకి. కర్రకి నేల తెలుస్తుంది గానీ గాల్లో ఉన్నది తెలియదు కదా."

తాత ఆ రోజు నేల చూశాడు, గీత చూశాడు, మట్టం చూశాడు. తల ఎత్తి హ్యాండిల్ చూడలేదు! ఎవరో జరిపి ఉంటారని నాలుగు రోజులు పట్టుకు వేలాడిన మాట ఒక్క క్షణంలో తెగిపోయింది. జరిపినవాళ్ళు ఇంకెవరూ లేరు. అంతా తనే. పనితనం అనుకుని మురిసిపోయిన ఆ ఒంగి చూసిన చూపే ఆవిడ చెయ్యి విరిచింది.

"ఈ సంగతి పోలీసులకి చెప్పలేదా అమ్మా?" అని తొమోకా అడిగింది.

"ఏ చెయ్యి నొప్పి, ఎన్నింటికి పడ్డావు, ఇవే అడిగారు. చూపులేనిదాన్ని ఏం చూశావని ఎవరడుగుతారు? జ్వరం పిల్లని చంకనేసుకుని పరిగెత్తే తల్లి అంత తిన్నగా పెట్టదని నాకు ఆ రోజే అనిపించింది. అలా పెట్టే మనిషికి తిన్నగా లేని వస్తువుని చూస్తే నిద్రపట్టదు. మా గుమ్మంలో పదిమంది చెప్పులు విప్పితే, వెళ్ళేటప్పుడు పది జతలూ వరసలో ఉంటాయి, గురువారాల్లో మాత్రం." ఆవిడ గొంతు పెంచలేదు. "నేను పేరు చెప్పను. చెప్పాల్సింది నేను కాదు."

తాత పళ్ళ సంచి పక్కన పెట్టాడు. జాకెట్టు జిప్పు లాగి, విప్పి, అలవాటు చొప్పున అంచులు కలిపి మడిచి ముందు పెట్టాడు. తర్వాత చేతులు చాపి నుదురు చాపకి ఆనించాడు. నడుము కలుక్కుమంది. అయినా లేవలేదు.

"నేనే," అన్నాడు. "మందుల షాపు ముందు నుంచి నేనే ఎత్తుకెళ్ళి పెట్టాను. లారీ ఎత్తుకుపోతుందని, బుట్టలో ఆ బూటు చూసి... మంచి చేస్తున్నాననుకున్నాను. ముట్టుకోకూడదని తెలుసు. తెలిసే ముట్టుకున్నాను. నాలుగు రోజుల నుంచి ఈ అమ్మాయిని అందరూ తిడుతుంటే పిరికి వెధవలా నిలబడి విన్నాను. డాక్టరమ్మా, మీ చెయ్యి విరిచింది నేను. అమ్మాయ్, నీ పని పోగొట్టింది నేను."

తొమోకా ఆ తెల్లజుట్టు తల వైపు కళ్ళార్పకుండా చూసింది. కోపం రావాలి. ముందు ఊపిరి వచ్చింది, నాలుగు రోజుల తర్వాత కడుపు నిండా.

"నాకు పిచ్చెక్కిందనుకున్నాను తాతగారూ," అంది. "పాపకి మందు వేస్తూ, వేశానా లేదా అని మూడుసార్లు సీసా చూసుకుంటున్నాను. గ్యాసు కట్టేశానా అని సగం దారిలోంచి వెనక్కి పోతున్నాను. నేను చేసింది నాకే గుర్తులేనప్పుడు, ఇంక పిల్లని ఎలా పెంచను అని... మీరు ఒక్క మాట చెప్పి ఉంటే!"

"అవునమ్మా."

"ఒక్క మాట!"

"అవును. సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే పోలీసు స్టేషన్‌కి పోదాం పద. నేనే చెప్తాను."

తాత లేవబోయాడు. ఎందుకోగాని తొమోకా కదల్లేదు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఉండండి. మరి ఆవిడెవరు?"

"ఎవరు?"

"సాక్షి ఉందన్నారు పోలీసులు. అందుకే కదా నేను నా బుర్రని నమ్మడం మానేసింది! నేను పసుపు బాట మీదికి సైకిల్ తోసి, పాపని ఎత్తుకుని పరిగెత్తడం కళ్ళారా చూశానని ఒకావిడ రాసిచ్చి ముద్ర కూడా వేసింది. అక్కడే పనిచేసే పెద్దావిడ అట. ఆకుపచ్చ జాకెట్టు."

తాత చెయ్యి మడిచిన జాకెట్టు మీదే ఉండిపోయింది. నెగిషి మాట చెవిలో మోగింది: మాట్లాడాల్సింది మాట్లాడాను, నీకెందుకు? పొద్దున్నే తిన్న పీచ్ బిళ్ళ ఇంకా నాలిక మీదే ఉన్నట్టుంది. తను ఇప్పుడు నిజం చెప్తే, అబద్ధం రాసిచ్చి ముద్ర వేసిన మనిషి ఏమవుతుంది? ఎనిమిది నెలలు తన తలుపు కొట్టిన మనిషి!

కింద మెట్ల మీద చప్పుడైంది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ.

"ఎడమ మోకాలు," అంది ఫుసనో నెమ్మదిగా. "వచ్చేది నెగిషి గారే."

తాత లేచి తలుపు వైపు రెండడుగులు వేశాడు. అంతలోనే తలుపు జరిగింది.

"డాక్టరమ్మా! పుచ్చకాయ బిళ్ళలు దొరికాయి, వానాకాలంలో పుచ్చకాయేంటని షాపువాడితో పోట్లాడి మరీ..." అంటూ ఆకుపచ్చ జాకెట్టుతోనే లోపలికొచ్చిన నెగిషి, చాప మీద కూర్చున్న అమ్మాయిని చూసి ఆగింది. ఆమె ఎవరో నెగిషికి తెలియదు. ఎప్పుడైనా చూస్తే కదా తెలియడానికి. "ఎవరమ్మా నువ్వు? పేషెంటువా? ఎంత నీరసంగా ఉన్నావు, ఇదిగో, ఒక బిళ్ళ తీసుకో."

తొమోకా బిళ్ళ తీసుకుంది. రెండు చేతులతో, మర్యాదగా తీసుకుంది.

"నన్ను మీరు మంగళవారం కళ్ళారా చూశారట కదా అత్తా," అంది. "నేను ఏ రంగు రెయిన్‌కోటు వేసుకున్నానో చెప్తారా?"

నెగిషి మొహంలో నవ్వు అలాగే ఉంది, దిగడం మర్చిపోయింది. కళ్ళు మాత్రం గది తిరిగాయి. పిండికట్టు, మిఠాయి డబ్బా, అంచులు కలిపి మడిచిన ఆకుపచ్చ జాకెట్టు. అక్కడి నుంచి ఉత్త చొక్కాతో నిలబడ్డ తాత దగ్గరికి వచ్చి ఆగాయి.

"చెప్పేశావా?" అంది.